ఆరుబయట షోలు చేసేవాళ్లకు జాగ్రత్త: "గాలివానకు ఆగుతుంది" అని అమ్మే ఫోల్డింగ్ టెంటు

పుట్టినరోజులకు, అపార్ట్‌మెంట్ ఫంక్షన్లకు ఆరుబయట మ్యాజిక్ షోలు, మాట్లాడే బొమ్మ షోలు చేసే తోటి కళాకారులకు నమస్తే. టెంటు కొందామని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నేను హనుమకొండలో 12 ఏళ్లుగా పిల్లలకు షోలు చేస్తున్నాను. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా షాపువాడి మాట నమ్మి మోసపోయాను.

మార్చిలో వరంగల్‌లోని ఒక షాపులో 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న ఫోల్డింగ్ టెంటు 7,200 రూపాయలకు కొన్నాను. "అన్నా, పక్కా వాటర్‌ప్రూఫ్. గాలిదుమారం వచ్చినా ఇంచు కదలదు, గ్యారంటీ నాది" అన్నాడు. బిల్లు మీద మాత్రం "ఫోల్డింగ్ టెంట్ 1" అని రాసి ఊరుకున్నాడు. నేనూ అప్పుడు పట్టించుకోలేదు.

ఏప్రిల్ చివర్లో పరకాల దగ్గర ఒక ఊళ్లో పాప పుట్టినరోజు. ఇంటి ముందు ఖాళీ జాగ, మొరం నేల. సాయంత్రం ఐదున్నరకు షో మొదలుపెట్టాను. పొద్దంతా ఉక్కపోత. పడమటి దిక్కున మబ్బు నల్లబడుతుంటే చూశాను గానీ, టెంటు ఉంది కదా అని ధైర్యం. టెంటు కింద 18 మంది పిల్లలు కూర్చున్నారు. ముందు దుమ్ము లేచింది. ఆ వెంటనే టెంటు కప్పు గాలికి బుంగలా ఉబ్బింది. వెనక కాలు జానెడు పైకి లేచింది. టెంటుతో ఇచ్చిన మేకు పెన్సిల్ అంత సన్నం, మొరం గడ్డతో సహా ఊడి వచ్చింది. నలుగురు తండ్రులు ఉరికొచ్చి తలో కాలు పట్టుకున్నారు.

నా చేతికి బొమ్మ తొడుక్కునే ఉంది. పెద్దవాళ్లు అరిస్తే పిల్లలు బెదిరిపోతారని బొమ్మ గొంతుతోనే "అందరూ నా ఎంట ఇంట్లకు రారి, లోపల ఇంకో ఆట ఉంది" అన్నాను. పిల్లలు లేచి వరసగా నా వెనకే వచ్చారు. ఆఖరి పిల్లాడు గడప దాటాడో లేదో, టెంటు లేచి పక్కింటి రేకుల మీద పడింది. కత్తెరలా ముడుచుకునే రాడ్ల మధ్య ఒకాయన అరచెయ్యి ఇరుక్కుంది, నాలుగు కుట్లు పడ్డాయి. ఆ టెంటు పిల్లల మీద పడి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

షాపుకు వెళ్తే "గాలిల పెట్టినవంటే మేమేం చేస్తమన్నా, అది ఎండకు వాడేది" అన్నాడు. కొన్నప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే జవాబు లేదు. ఇంటికొచ్చి రాడ్లు సాపు చేయించి, కప్పు మీద బకెట్ నీళ్లు పోసి చూశాను. గుడ్డ దగ్గర నీళ్లు ఆగాయి, కుట్ల దగ్గర మాత్రం ధారగా కారాయి. కుట్ల మీద లోపలి నుంచి టేపు అంటించి ఉండాలి. నా దానికి అది లేనే లేదు. ఆ బకెట్ నీళ్లేవో షాపు ముందే పోయించి చూడాల్సింది. మీరు కొనేటప్పుడు మొహమాటపడకుండా పోయించండి.

ఇంకో లెక్క చెప్తాను. ఈ సైజు కప్పు సుమారు 9.3 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాని మీద పడే నీళ్లు 93 లీటర్లు. గుడ్డ వదులుగా ఉండి నీళ్లు గుంతలా నిలిస్తే దాదాపు 90 కిలోల బరువు పిల్లల నెత్తి మీద వేలాడుతున్నట్టే. గాలి సంగతి ఇంకా భయం: దాని వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగింతలవుతుంది. అందుకే ఎంత మంచి ఫోల్డింగ్ టెంటైనా నీడకు, చిన్న చినుకులకు మాత్రమే. ఒక్కో కాలికి ఇసుక సంచి కట్టినా సరే, దుమారం వచ్చేటట్టుంటే ముందే పిల్లల్ని ఇంట్లోకి పంపి టెంటు మడిచేయండి. సిమెంటు నేల మీదైతే మేకులు దిగనే దిగవు.

స్పీకర్ల విషయంలోనూ ఇదే మోసం. అదే షాపులో కొన్న నా స్పీకర్ మీద ఐపీఎక్స్4 అని ఉంది. అంటే చిందిన నీటిని తట్టుకుంటుంది, అంతే. జోరువానలో పెట్టమని కాదు. ఆ రోజు వానకు తడిసి మూగబోయింది. లోపలికి నీళ్లు పోతే వారంటీ రాదన్నారు. ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఎప్పుడూ నేల మీద పెట్టకండి. 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ కట్ చేసే స్విచ్) ఉన్న లైన్ నుంచే కరెంటు తీసుకోండి, పిల్లలు తడి కాళ్లతో తిరుగుతుంటారు.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఎండ మండి, సాయంత్రానికి ఉరుములతో దుమారం లేవడం కొత్త కాదు. వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు సూచనలు ఇస్తుంది, షోకు బయల్దేరే ముందు వాటిలో షో జరిగే జిల్లా పేరు ఉందేమో చూసుకోండి. పిడుగుల హెచ్చరికల కోసం దామిని యాప్ ఫోన్‌లో ఉంచుకోండి. ఉరుము వినపడితే షో ఆపేయాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ బయటికి రాకూడదు. ఈ షరతు అడ్వాన్సు తీసుకునేటప్పుడే ఇంటివాళ్లకు చెప్తున్నాను. వాన వస్తే హాల్లోనో వరండాలోనో చేస్తానంటే ఎవరూ కాదనడం లేదు.

షాపువాడు ఇంకో మాట అన్నాడు, "నువ్వు బిజినెస్ కోసం కొన్నవు, కన్జూమర్ కేసు నడవదు" అని. అది నిజం కాదు. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్న వస్తువైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనమూ వినియోగదారులమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు అక్కడ ఫీజు కూడా లేదు. నా బాధల్లా ఒక్కటే, అతను నోటితో ఇచ్చిన గ్యారంటీ బిల్లు మీద లేదు. మీరు మాత్రం "వాటర్‌ప్రూఫ్" అన్న మాట బిల్లు మీద రాయించుకుని, స్టాంపు వేయించుకున్నాకే డబ్బులు ఇవ్వండి.

ఆ టెంటు మా ఇంట్లోనే ఉంది. హనుమకొండ, కాజీపేట వైపు ఎవరైనా కొనే ఆలోచనలో ఉంటే వచ్చి కుట్లు, మేకులు చేత్తో పట్టుకుని చూసుకోండి. కావాలంటే షాపుకు నేనే తోడొస్తాను.