లేత్ పక్కన పెట్టుకునే ఇంటి కొలత సాధనాలు: ఏవి చేసుకోవాలి, ఏది కొనాలి

చెక్క లేత్ (చెక్కని తిప్పుతూ ఉలితో మలిచే యంత్రం) కొత్తగా మొదలుపెట్టినవాళ్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌కి వెళ్లి ఉలులతో పాటు డిజిటల్ వెర్నియర్ (దవడల మధ్య పట్టి కొలిచే సాధనం) కూడా కొనేస్తుంటారు. అప్పడాల కర్రకి, కవ్వానికి, చిన్న గిన్నెకి మిల్లీమీటర్‌లో వందో వంతు అక్కర్లేదు. అంకె చదివే పరికరం కంటే, ‘ఇక్కడితో ఆపు’ అని చెప్పే చెక్కముక్కే ఎక్కువ ఉపయోగం. పైగా వెర్నియర్ దవడల కొనలు పదునుగా ఉంటాయి. తిరుగుతున్న చెక్కకి ఆనిస్తే కరుచుకుని చేతిలోంచి ఎగిరిపోతుంది. ఇంట్లో చేసుకోదగ్గ ఐదు సాధనాల మీద మా అభిప్రాయం ఇది.

అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది రెండువైపులా నోరున్న పాత పానా. జుమ్మేరాత్ బజార్‌లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో తుప్పుపట్టినదైనా చాలు. 19 మిమీ పానా నోట్లో చెక్క దూరిందంటే ఆ చోట వ్యాసం 19కి వచ్చినట్టే. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోవాలి. నట్టు మీద తేలిగ్గా ఎక్కాలి కనుక పానా నోరు రాసిన అంకె కంటే వెంట్రుకవాసి ఎక్కువే ఉంటుంది. 19 మిమీ రంధ్రంలో బిగుతుగా కూర్చోవాల్సిన ముక్కకైతే పానాని నమ్మకూడదు. అదే డ్రిల్ బిట్‌తో పనికిరాని ముక్కకి ఒక రంధ్రం వేసి, దాన్నే కొలతగా వాడాలి. రెండోది పానా తల మందం. 3 మిమీ పార్టింగ్ టూల్‌తో, అంటే గాడి దింపే సన్న ఉలితో, ఒక్కసారి దింపిన గాడిలో అది పట్టదు, గాడిని రెండు మూడు సార్లు వెడల్పు చేయాల్సిందే. నోటి కొనల్ని ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, ఉప్పుకాగితం పట్టించాకే వాడండి. చెయ్యి కుదిరేదాకా ప్రతిసారీ మెషీన్ ఆపి కొలవడమే మంచిది.

లేత్ మీద చెక్కని దవడలతో బిగించే భాగం చక్. అది పట్టుకునే బొడిపెకి, అంటే టెనన్‌కి, పానా కంటే ప్లైవుడ్ గేజ్ ఎంతో మేలు. ఈ ఐదింటిలో ఒక్కటే చేసుకోగలిగితే ఇదే చేసుకోండి. చక్ దవడల్ని దాదాపు మూసి, మధ్యలో 2, 3 మిమీ సందు మాత్రం ఉంచి లోపలి వ్యాసం కొలవండి. ఆ స్థితిలోనే దవడలు నిండు వృత్తానికి దగ్గరగా ఉంటాయి, చెక్కని చుట్టూ సమంగా పట్టుకుంటాయి. 6 మిమీ ప్లైవుడ్ ముక్కకి ఒక కొసన ఆ కొలతకి గాడి కోయండి, రెండో కొసన దానికి 4 మిమీ ఎక్కువ. పెద్ద గాడిలో టెనన్ దూరాలి, చిన్నదాంట్లో దూరకూడదు. అదే ముక్క అంచున దవడల లోతు కంటే 2 మిమీ తక్కువగా ఒక మెట్టు కోసుకుంటే టెనన్ పొడవు కూడా దాంతోనే తేలుతుంది. టెనన్ అడుగు చక్ లోపల నేలకి తగిలితే భుజం, అంటే టెనన్ చుట్టూ ఉన్న మెట్టు, దవడల మీద ఆనదు. అప్పుడు ఎంత బిగించినా గిన్నె ఊగుతుంది, ఉలి కరవగానే ఊడిపోతుంది. ‘చక్ బాగాలేదు’ అని చాలామంది తిట్టుకునేది ఈ 2 మిమీ గురించే. వానల్లో పడిన వేప, సుబాబుల్ లాంటి పచ్చి చెక్కకి ఇంకో జాగ్రత్త కావాలి. ఆరే కొద్దీ టెనన్ కోలగా మారుతుంది కాబట్టి గేజ్‌ని చార (చెక్క పోగులు సాగే దిశ) వెంట ఒకసారి, చారకి అడ్డంగా ఒకసారి పెట్టి చూడాలి.

లోతు గేజ్‌లో నేర్చుకోవాల్సింది చేయడం కాదు, లెక్క. 300 మిమీ పొడవు, 30 మిమీ వెడల్పు ఉన్న పట్టీకి నడుమ రంధ్రం వేసి, అందులో ఊచ జరిగేలా చేస్తే గేజ్ తయారు. పట్టీ గిన్నె అంచు మీద, ఊచ అడుగున. ఊచ చెక్కదైతే హైదరాబాద్ వానాకాలంలో ఉబ్బి ఇరుక్కుంటుంది, ఏప్రిల్, మే ఎండల్లో వదులై జారిపోతుంది. 6 మిమీ ఇనుప ఊచ వేసి, పక్కనుంచి ఒక స్క్రూ బిగిస్తే ఆ బాధ తీరుతుంది. ఇక లెక్క. దిమ్మె ఎత్తు 80 మిమీ, అందులో టెనన్ 8, అడుగు మందం 10 ఉంచాలనుకుంటే లోతు 62. తర్వాత కోసేయబోయే టెనన్‌ని తీసేయకుండా 70 అనుకుని తొలిస్తే, టెనన్ కోసిన రోజున అడుగున 2 మిమీయే మిగులుతుంది. చివరి నునుపు కోతకి ఇంకో 3 మిమీ వదిలి, ఊచని 59 దగ్గర బిగించుకోండి.

గిన్నె గోడ మందానికి తీగ గేజ్. 4 మిమీ ఇనుప ఊచని గిన్నె అంచు దాటి లోపలికీ బయటికీ వెళ్లేలా వంచి, కొనల మధ్య కచ్చితంగా 15 మిమీ సందు ఉంచాలి. లోపలి కొనని గోడకి ఆనిస్తే బయట ఎంత ఖాళీ కనిపిస్తుందో చూడండి. 9 మిమీ ఖాళీ ఉంటే గోడ 6. అంచు నుంచి అడుగుదాకా జరుపుతూ పోతే మందం ఎక్కడ పెరిగిందో కంటికే తెలుస్తుంది. 2 మిమీ సైకిల్ పుల్లతో చేసినవి చూడ్డానికి బాగుంటాయి గానీ లోతైన గిన్నెలో కాస్త నొక్కితే వంగి అబద్ధం చెబుతాయి. తిరుగుతున్న గిన్నెలో దీన్ని అస్సలు పెట్టకూడదు.

ఒకే రకం కాళ్లు నాలుగు చేయాలంటే గుర్తుల పట్టీ కావాలి. 25 మిమీ వెడల్పు పట్టీ అంచున, పూస, గాడి, మెట్టు వచ్చే ప్రతి చోటా సన్న మేకు కొట్టి, తల కత్తిరించి, మొన తేల్చాలి. ముందు 1.5 మిమీ రంధ్రం వేయకపోతే ప్లైవుడ్ పొరలు విచ్చుకుంటాయి. మొనలన్నీ ఒకే ఎత్తులో లేకపోతే ఒకటి లోతుగా గీస్తుంది, పక్కది చెక్కని తాకనే తాకదు. అద్దం మీద ఆనించి చూస్తూ ఆకురాయితో సరిచేయండి. గుండ్రంగా దింపిన చెక్కకి, తక్కువ వేగంలో, పట్టీని టూల్ రెస్ట్ (ఉలి ఆనించుకునే కమ్మీ) మీద ఉంచి మొనలు కాస్త కిందికి చూసేలా ఆనించాలి. పైకి చూస్తే కరుస్తాయి. భయమనిపిస్తే మేకుల బదులు చిన్న గాట్లు పెట్టి పెన్సిల్‌తో గీసుకోండి. మేం కొత్తవాళ్లకి చెప్పేది ఈ పెన్సిల్ పద్ధతే.

ముక్క కొసన నడిమి బిందువు పట్టే L ఆకారపు మధ్యబిందువు గేజ్ మాత్రం మాకు అంత నచ్చలేదు. డిపోలో కొన్న గుండ్రటి ముక్కకి బాగానే పనిచేస్తుంది, వంకర కొమ్మకి మూడు గీతలు గీస్తే మూడూ మూడు చోట్ల కలుస్తాయి. పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద 10 మిమీ తేడాతో వృత్తాలు గీసుకుని, కొమ్మ మీద జరిపి చూసుకోవడం దానికంటే చక్కటి పద్ధతి. పగులు ఎటు ఉందో, బెరడు ఎక్కడ లోపలికి వచ్చిందో కూడా దాని కింద కనిపిస్తుంది. 120 మిమీ గిన్నెకైతే పాత సీడీయే సరిపోతుంది, వ్యాసం సరిగ్గా అంతే.

కొనాల్సింది ఒక్కటే: స్ప్రింగు, మర ఉన్న బయటి కాలిపర్ (బయటి వ్యాసం చూసే వంపు కాళ్ల సాధనం). కొలత మార్చుకుంటూ, బిగించింది బిగించినట్టు నిలిచే మర ఇంట్లో చేసిన ప్లైవుడ్ కాలిపర్‌లో కుదరదు, బోల్టు దగ్గర మెల్లగా జారుతుంది. కొనేటప్పుడు కొనలు గుండ్రంగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. లేకపోతే ఇంటికి రాగానే మొదట ఆకురాయి తీయండి.