మూతలున్న బ్యాటరీకే తిరిగొచ్చాను

మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీ పైన చిన్న అద్దపు కన్ను ఉంటుంది. పచ్చగా ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టు, నల్లబడితే తగ్గినట్టు. రెండేళ్లకు పైగా ఆ కన్నును నమ్మాను. ఇప్పుడు దాని మాట ఎత్తితేనే ఒళ్లు మండుతుంది.

నాది 45 హార్స్‌పవర్ ట్రాక్టరు. 2021 ఆగస్టులో దానికి 88 ఏహెచ్ (ఆంపియర్ అవర్) సీల్డ్ బ్యాటరీ, అంటే మూతలు లేని ఆ మెయింటెనెన్స్ ఫ్రీ రకమే వేయించాను. నీళ్లు పోసే పని లేదు, టర్మినళ్ల మీద తెల్లపొడి లేదు, తెల్లవారుజామున కూడా ఒక్క సెల్ఫ్‌కే ఇంజను అందుకునేది. ఆ సంబరంలో ఊరంతా చాటాను. నా మాట మీద ఇద్దరు అదే రకం కొన్నారు.

మా పొలం కనిగిరి రిజర్వాయర్ కింద ఉంటుంది (కనిగిరి ఊరు కాదు, బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి రిజర్వాయర్). 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు వేసిన నాట్లు మునిగిపోయాయి. నీళ్లు తీసేశాక మళ్లీ దమ్ము చేయాల్సి వచ్చింది. నారు కొని తెచ్చి గట్టు మీద పెట్టాం, కూలీలు వచ్చి కూర్చున్నారు. మా డ్రైవరు సద్ది తినడానికి మడి మధ్యలో ఇంజను ఆపాడు. తిరిగొచ్చి తాళం తిప్పితే టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. దమ్ము చక్రాలతో బురదలో దిగబడిన బండిని పదిమంది తోసినా కదలదు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. నాలుగు రోజులుగా సెల్ఫ్ మూలుగుతుంటే, డ్రైవరు బండిని కాలువ కట్ట మీద వాలులో నిలిపి, పొద్దున్నే దొర్లించి గేరు వేసి స్టార్ట్ చేస్తున్నాడట. ఒకసారి అందుకున్నాక డీజిల్ ఇంజనుకు బ్యాటరీతో పని లేదు కాబట్టి రోజంతా గడిచిపోయేది. సెల్ఫ్ మూలుగుతోందని నాకు చెప్పలేదా అంటే చెప్పాడు. నేనే ఆ కన్ను వంక చూసి, పచ్చగా ఉందని, తప్పు సెల్ఫ్ మోటారుదని తేల్చాను. దాన్ని విప్పించి, కార్బన్ బ్రష్షులు మార్పించి, 1,400 రూపాయలు వదిలించుకున్నాను. తర్వాత కాస్త ఎండెక్కాక బండి అందుకుంటే, రోగం కుదిరిందనుకున్నాను.

పక్క పొలం ఆయన తన ట్రాక్టరు బ్యాటరీ విప్పి, గోనెసంచిలో పెట్టుకుని గట్టు వెంట భుజాన మోసుకొచ్చాడు. "ఏం నాయనా, నీళ్లు పోయక్కర్లేదన్నావుగా" అని నవ్వాడు. దానితో స్టార్ట్ చేసేసరికి సాయంత్రమైంది. ఆ పూట కూలీ దండగ. నారులో సగం వాడిపోయింది.

మరునాడు ఎలక్ట్రీషియన్ మీటరు పెడితే 10.4 వోల్టులు. నిండా ఛార్జయిన బ్యాటరీ 12.6 చూపాలి. ఆరు సెల్సు, ఒక్కోదానికి సుమారు రెండు వోల్టులు. అంటే ఒకటి పూర్తిగా పోయింది. "కన్ను ఒక్క సెల్‌నే చూస్తుంది అన్నా, మిగతా అయిదింటి గొడవ దానికి తెలియదు" అన్నాడు. ఈ ముక్క అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. వారంటీ 24 నెలలు, అది ఆగస్టులోనే అయిపోయింది. పాతదాన్ని మార్పిడికి ఇచ్చిన రోజు కూడా ఆ కన్ను పచ్చగానే ఉంది.

నిజం చెప్పాలంటే తప్పంతా బ్యాటరీది కాదు. ఇంజను నడుస్తుండగా మీటరు 15.3 చూపింది. 14.4 దాటకూడదట. ఛార్జింగును అదుపులో ఉంచే డైనమో రెగ్యులేటరు చెడి, లోపలి నీళ్లను నెలల తరబడి మరిగించేసింది. ఆ పోటుకు ఏ బ్యాటరీ అయినా దెబ్బతింటుంది. కానీ మూత ఉంటే నీళ్లు త్వరత్వరగా తగ్గడం కంటికి కనబడేది, అనుమానం వచ్చేది. నా కోపమంతా అక్కడే.

రెగ్యులేటరు మార్చి, ఆరు మూతలున్న ట్రాక్టరు బ్యాటరీ వేయించాను. అందులో మందపాటి ప్లేట్లే చూసుకున్నాను. కాస్త తక్కువకు వస్తుందని కారు బ్యాటరీ చూపించారు గానీ, ఈ కుదుపులకు దాని ప్లేట్ల మీది పొడి రాలిపోతుంది. అప్పట్లో జీఎస్టీ 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి తగ్గిందట, నా అదృష్టం అలాంటిది. నెలకోసారి మూతలు తీసి, యాసిడ్ చిక్కదనం చూపే హైడ్రోమీటరు ముంచుతాను. అన్ని సెల్సూ దాదాపు ఒకే అంకె చూపిస్తే ఆ రోజుకు నిశ్చింత. రెండేళ్లు దాటింది, ఇంకా గట్టిగానే ఉంది.

దీని తలనొప్పులు దీనికి ఉన్నాయి. బ్యాటరీ కూర్చునే ఇనప తొట్టె తుప్పుపట్టి రెండుసార్లు రంగు వేయించాను. ఒకసారి నేను లేనప్పుడు డ్రైవరు బోరు నీళ్లు పోయబోయాడు. మా బోరులో ఉప్పు ఎక్కువ, సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది. ఇంకోసారి డిస్టిల్డ్ వాటర్ నిండుగా పోస్తే యాసిడ్ పొంగి పంచెకు చిల్లులు పడ్డాయి. ఎడగారు (రెండో పంట) వేయని ఏడాది బండి నెలల తరబడి వేపచెట్టు కింద నిలబడే ఉంటుంది. అప్పుడు నెగటివ్ వైరు విప్పి, నెలకోసారి ఛార్జింగుకు పెట్టకపోతే ఇది కూడా మిగలదు.

నా మాట విని సీల్డ్ కొన్న ఇద్దరిలో ఒకరు రోజూ ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి ఇటుకలు తోలతారు. ఆయనది నాలుగో ఏడాది, ఏ ఫిర్యాదూ లేదు. రోడ్డు మీద నడిచే బండికి, మూతలు తీసే తీరిక లేని మనిషికి అదే నయమేమో. నేను బురదలో తిరిగేవాణ్ణి, పైగా ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి.

మా అబ్బాయి వచ్చేసారి సీల్డే కొందామంటున్నాడు. కొననీ. 300 రూపాయలు పెట్టి కొన్న వోల్టు మీటరు మాత్రం టూల్‌బాక్సులోంచి తీయనివ్వను.