విజయవాడలో ఒక రుమటాలజీ క్లినిక్: మూడేళ్ల అనుభవం

మా అమ్మకు పదకొండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది. గత మూడేళ్లుగా విజయవాడలోని ఒక ప్రైవేటు రుమటాలజీ క్లినిక్‌లో చూపిస్తున్నాము. కీళ్ల నొప్పికి మందు ఎక్కడైనా రాస్తారు. వైరస్ జ్వరం వస్తే ఇటువంటి రోగి ఆసుపత్రిలో చేరవలసి వచ్చే ముప్పు దేనివల్ల పెరుగుతుందో మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పినవారు మాత్రం వీరే.

అంతకుముందు చూపించిన చోట అమ్మ రెండేళ్లపాటు రోజూ 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వేసుకుంది. తగ్గించమని ఎవరూ అనలేదు. నొప్పి లేదు కదా అని మేమూ అడగలేదు. ఈ డాక్టరు గారు 2020లో వెలువడిన అంతర్జాతీయ రుమటాలజీ రిజిస్ట్రీ (డాక్టర్లు రోగుల వివరాలు నమోదు చేసే పట్టిక) లెక్కలను మా ముందు పెట్టారు. 40 దేశాలలో కోవిడ్ సోకిన 600 మంది వాత రోగులలో 277 మంది ఆసుపత్రి పాలయ్యారు. రోజుకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించి స్టెరాయిడ్ వాడేవారిలో ఆ ముప్పు సుమారు రెట్టింపుగా తేలగా, కీళ్లవాతాన్ని అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ తరహా మందులకు అటువంటి సంబంధం కనబడలేదు. డాక్టర్లు తమంతట తాము నమోదు చేసిన కేసులు గనుక అందులో తీవ్రమైనవే ఎక్కువ ఉండవచ్చునని, 277 సంఖ్యను చూసి బెదిరిపోవద్దని కూడా ఆయనే హెచ్చరించారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. ఎనిమిది నెలలలో మోతాదు మెల్లగా 2.5కు దిగింది, మధ్యలో ఒకసారి మణికట్లు వాచి మళ్లీ 5కు పెంచవలసి వచ్చింది.

టీకాల విషయంలోనూ అంతే శ్రద్ధ. ఏటా ఫ్లూ టీకా వేసి, జబ్బు అదుపులో ఉంటే ఆ తరువాత రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపిస్తారు. టోఫాసిటినిబ్ అనే మరో కీళ్లవాతం మందు మొదలుపెట్టే ముందు, ఆ మందుతో సర్పి వచ్చే అవకాశం పెరుగుతుంది గనుక, దాని టీకా రెండు డోసులూ వేయించారు. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద ఎర్ర సిరాతో రాస్తారు.

ఇక లోపాలు. జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయమని ఒక నంబరు ఇచ్చారు. ఒక శనివారం సాయంత్రం అమ్మకు 101 డిగ్రీల జ్వరం వచ్చినప్పుడు ఎన్నిసార్లు చేసినా సోమవారం ఉదయం దాకా ఎవరూ ఎత్తలేదు. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందును మొదటి 48 గంటలలో మొదలుపెడితేనే ఎక్కువ మేలని మాకు చెప్పినది వారే. ఆ 48 గంటలలో చాలా భాగం వారు దొరకలేదు. వేరే డాక్టరు దగ్గరికి పరుగెత్తవలసి వచ్చింది.

అంతకన్నా విడ్డూరం వారి హాలు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే నలభై మందిని, దగ్గేవారిని, తుమ్మేవారిని కలిపి కిటికీలు తెరవని ఏసీ గదిలో రెండు గంటలు కూర్చోబెడతారు. రిసెప్షన్‌లో రెండుసార్లు చెప్పి చూశాము. ఇప్పుడు టోకెన్ తీసుకుని కారులోనే కూర్చుంటున్నాము. వంతు రాగానే మాస్కు పెట్టుకుని లోపలికి వెళతాము. ఫీజు 800 రూపాయలు, ఆదివారం సెలవు.