ఏపీ 36 జీపుతో పన్నెండేళ్లు

మొన్న ములుగు బంకులో నా పాత జీపుకు డీజిల్ కొట్టిస్తుంటే ఒకాయన వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి "అమ్ముతవా అన్నా?" అని అడిగాడు. అమ్మనంటే, వెంటనే రెండో ప్రశ్న: "మెయింటెనెన్స్ ఎంతైతది?" ఈ రెండు ప్రశ్నలూ ఎప్పుడూ జంటగానే వస్తాయి. రెండో దానికి బంకులో నిలబడి జవాబు చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

2013లో కొన్నాను. 1999 రిజిస్ట్రేషన్, ఏపీ 36 (పాత వరంగల్ జిల్లా) నంబరు, నా దగ్గరికి వచ్చేసరికి ముగ్గురి చేతులు మారింది. 2523 సీసీ డీఐ ఇంజన్, ఫోర్ బై ఫోర్ (లివర్ వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి), పైన టార్పాలిన్ టాపు. నేనుండేది హనుమకొండలో, పొలం ములుగు దాటాక అడవి అంచున. తారు రోడ్డు దిగాక మూడు కిలోమీటర్లు బండ్లబాట, అదీ నల్లరేగడి. వానాకాలం ఆ బాటలో బైక్ పోదు, కారు సంగతి అడగొద్దు. ట్రాక్టర్ తర్వాత పోగలిగేది ఇదొక్కటే. షోకు కోసం కొన్న బండి కాదని చెప్పడానికే ఇదంతా. కొంత షోకు కూడా ఉందనుకోండి.

ముందు ఇంజన్. డీఐ అంటే డైరెక్ట్ ఇంజెక్షన్, డీజిల్ నేరుగా సిలిండర్‌లోకే పోతుంది, కాబట్టి సంక్రాంతి చలిలో కూడా హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగే పని లేదు. సెల్ఫ్ కొడితే రెండు చుట్లలో అందుకుంటుంది. సెన్సర్ లేదు, కంప్యూటర్ లేదు. ఆపడానికి కూడా కీ కాదు, డ్యాష్‌బోర్డు కింద నాబ్ లాగాలి. బ్యాటరీ పడిపోతే నలుగురు నెడితే చాలు. ట్రాక్టర్ పని తెలిసిన ఏ మేస్త్రీకైనా దీని మీద చెయ్యి ఆడుతుంది. మైలేజీ లీటరుకు 11 దాటలేదు, 70 దాటితే చప్పుడుకు పక్కవాడి మాట వినపడదు. వీటి మీద నాకు ఫిర్యాదు లేదు.

నా డబ్బులో సగానికి పైగా పోయింది బండి పాతదైనందుకు కాదు. నాకంటే ముందు దాన్ని "బాగుచేసిన" వాళ్ల పనిని సరిచేయడానికి పోయింది.

కొన్న కొత్తలో పొద్దున స్టార్ట్ చేస్తే ఐదు నిమిషాలు తెల్ల పొగ. ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కితే నల్ల పొగ. డీజిల్ తాగుడు సరేసరి. ఒక షెడ్డులో ఇంజన్ బోర్‌కు వచ్చింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయన్నారు, ఇంకో చోట డీజిల్ పంపు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మొత్తం మార్చాలన్నారు. చివరికి ఆటోనగర్‌లో ఒక చాచా దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఏ పానా పట్టుకోకుండా రేడియేటర్ మూత తీసి లోపల వేలు పెట్టాడు. వేలికి సున్నం లాంటి తెల్లటి పొర అంటుకుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోశారు, సన్నటి గొట్టాలు సగం పూడుకుపోయాయి. ఇంజన్ హీట్ అయ్యేది. హీట్ అవుతోందని ఎవరో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోకుండా ఆపే వాల్వు) పీకేశారు. దాంతో నీళ్లు ఆగకుండా తిరిగి ఇంజన్ ఎక్కాల్సినంత వేడెక్కడం మానేసింది, డీజిల్ పూర్తిగా కాలక తెల్ల పొగ మొదలైంది. వేడెక్కని ఇంజన్‌కు పికప్ ఉండదు కదా, ఇంకెవరో వచ్చి పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచారు. అక్కడ నల్ల పొగ.

"బిడ్డా, దీనికి రోగం ఒక్కటే ఉండె. మందులే ఇంకో మూడు తెచ్చినయ్" అన్నాడు చాచా.

రేడియేటర్ విప్పి గొట్టాల్లో రాడ్లు కొట్టించి పూడిక తీయించి, కొత్త థర్మోస్టాట్ వేసి, పంపును టెస్ట్ బెంచ్ మీద పెట్టించి డీజిల్ కొలత తగ్గించాం. ఇంజన్ తెరవనే లేదు. అప్పటి నుంచి బోరు నీళ్లు బంద్, కూలెంట్ మాత్రమే. పాత బండి కొన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఏదైనా చెడితే ఏ పార్టు పోయిందని వెతకడం కన్నా, ఇక్కడ ఇంతకు ముందు ఎవరు ఏం చేశారో వెతకండి. నా బండిలో కమాన్ కట్టలో (చక్రాల పైనుండే స్ప్రింగు పట్టీల కట్ట) ఒక పట్టీ ఏదో ట్రాలీది. హారన్ వైరు ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి. ఇలాంటివి ఇప్పటికీ ఏడాదికొకటి బయటపడుతూనే ఉంటాయి.

రెండో పాఠం రాత్రిపూట తాడ్వాయి అడవిలో నేర్చుకున్నాను. ఏటూరునాగారం వైపు పోతుంటే ఇంజన్ రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. ట్యాంకులో డీజిల్ ఉంది. సెల్ఫ్ తిరుగుతోంది, అందుకోదు. ఎయిర్ పట్టిందని, అంటే డీజిల్ పైపుల్లోకి గాలి చేరిందని అర్థమైంది. ఫోన్ టార్చి పళ్ల మధ్య పెట్టుకుని ఫిల్టర్ మీదున్న ఎయిర్ బోల్టు వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతి పంపు కొట్టడం మొదలుపెట్టాను. మొదట నురగ. తర్వాత బుడగలు. ఒక నలభై సార్లు కొట్టాక బుడగ లేని డీజిల్ ధారగా వచ్చింది. బోల్టు బిగించి, నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటీ కొంచెం వదిలి సెల్ఫ్ కొట్టి, మళ్లీ బిగిస్తే అందుకుంది. నాజిల్ దగ్గర చెయ్యి అడ్డం పెట్టొద్దు. అక్కడి ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దిగుతుంది, అది ఆసుపత్రి కేసు.

నెలలో ఇదే మూడుసార్లు జరిగింది. ఫిల్టర్ మార్చాను, వాషర్లు మార్చాను, పోలేదు. అసలు దొంగ ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు, క్లిప్పు కింద వెంట్రుకంత పగులు. కింద ఒక్క చుక్క పడలేదు కదా అని దాన్ని అనుమానించలేదు. ఆ పైపులో డీజిల్‌ను పంపు లాగుతుంది, తోయదు. అందుకే పగుల్లోంచి డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. రెండడుగుల పైపు, రెండు క్లిప్పులు. టీ ఖర్చు.

ఫోర్ బై ఫోర్ విషయంలో తప్పు పూర్తిగా నాదే. ఒకసారి బురదలోంచి బయటపడి లివర్ తీయడం మరిచిపోయి తారు రోడ్డు మీద హనుమకొండ దాకా వచ్చాను. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండింటినీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మట్టిలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ మెలి అంతా షాఫ్టుల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కినప్పుడైనా నాకు తెలియాల్సింది. ముందు షాఫ్టు క్రాస్ (షాఫ్టు చివర కీలు) పగిలి టక్ టక్ మంటుంటే గానీ గుర్తు రాలేదు.

2023 జూలై వానలు ఇటువైపు ఎవరూ మరిచిపోరు. వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ వరదలో నేను బండి దించలేదు, ఏ ఫోర్ బై ఫోర్ అయినా దించకూడదు. తగ్గిన తర్వాత పొలం చూడ్డానికి పోతే బాట మీద ఇంకా మోకాటి లోతు నీళ్లు. దాటి వచ్చాను, బండికి ఏమీ కాలేదనిపించింది. వారం తర్వాత ఎందుకో అనుమానమొచ్చి వెనక హౌసింగ్ (ఇరుసు గేర్లుండే డబ్బా) డ్రెయిన్ బోల్టు విప్పితే, గేర్ ఆయిల్ బదులు పాల చాయ్ లాంటిది కారింది. దూరం నడిచిన హౌసింగ్ వేడిగా ఉంటుంది, చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. పైనున్న బ్రీదర్ (గాలి పోయి వచ్చే రంధ్రం) బురదతో మూసుకుపోతే ఆ గాలి లోటుకు సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. 90 నంబర్ ఆయిల్ పోసి యాభై కిలోమీటర్లు తిప్పి, అది తీసేసి మళ్లీ కొత్తది పోశాను. అలాగే వదిలేసి ఉంటే లోపలి క్రౌన్ పినియన్ గేర్లు తుప్పు పట్టేవి. ఇప్పుడు బ్రీదర్‌కు పైపు తగిలించి చాసీ పైదాకా లేపాను.

బ్రేకుల గురించి పెద్దగా చెప్పను. డ్రమ్ములు, తడిస్తే పట్టవు, నీళ్లు దాటాక కాసేపు పెడల్ మీద కాలు ఆనించి నడిపి ఆరబెట్టాలి. స్టీరింగ్‌లో ఆట ఉంటుంది, చక్రాలను స్టీరింగ్‌కు కలిపే టై రాడ్ ఎండ్లు మార్చినా పూర్తిగా పోదు. కొత్త కారు నడిపేవాళ్లకు మొదటి రోజు భయమేస్తుంది.

కాగితాల టెన్షన్ మాత్రం నిజం. 2014లో పదిహేనేళ్లు నిండాయి, అప్పటి నుంచి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్. 2019లో 600 ఉన్న ఫీజు 2024లో నేను పోయేసరికి 5000 అయింది. ఇరవయ్యేళ్లు దాటిన బండ్లకు 2025లో 10,000 చేశారు కాబట్టి 2029కి జేబు సిద్ధం చేసుకోవాలి. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఢిల్లీలో లాగా పాత డీజిల్ బండ్ల మీద నిషేధం ఇక్కడ లేదు, అంతవరకు నయం. రాష్ట్రం వచ్చి టీఎస్ అయింది, తర్వాత టీజీ అయింది, నా బండి ఇంకా ఏపీ 36లోనే ఉంది.

కొనాలనుకునేవాళ్లు పెయింటు, వెడల్పాటి టైర్లు, లైట్ల బారు చూసి మోసపోవద్దు. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాడికి ముందే చెప్పండి. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే పొద్దుటి పొగ మీకు చూపించడం అతనికి ఇష్టం లేదన్నమాట. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీస్తే కుండలోంచి వచ్చినట్టు పొగ ఎగదన్నితే పిస్టన్ రింగుల పని ఉంది. కమాన్ కట్టలు తగిలే చోట చాసీని సుత్తితో మెల్లగా కొట్టి చూడండి, ఖంగుమనాలి. చాసీకి తాజాగా నల్ల పెయింటు వేసి ఉంటే నేనైతే వెనక్కి తిరిగి వస్తాను.

ఇక బంకాయన అడిగిన దానికి లెక్క. సీటు కింద ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి పనీ రాస్తాను. పోయిన ఏడాది టైర్లు, డీజిల్ కాకుండా 23,400 అయింది. అందులో క్లచ్ సెట్టే పెద్దది. ఏమీ కాని ఏడాది ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు కలిపి ఏడెనిమిది వేలలో సరిపోతుంది. నెలకో ఆదివారం పూట మాత్రం దీనికి రాసివ్వాలి, ఇంట్లో గొడవంతా దాని గురించే.

ప్రస్తుతం వెనక ఎడమ చక్రం లోపలి వైపు నూనె తడి కనిపిస్తోంది. సీలు తెచ్చి పెట్టాను. ఈ ఆదివారం వాన లేకపోతే విప్పాలి.