ట్రెంచ్‌బ్రూమ్‌తో రెండేళ్ళు: 17 ఏళ్ళ విరామం తరువాత మళ్ళీ మ్యాపుల పని

2006లో ఆపేసిన మ్యాపుల (వీడియో ఆటలో ఆటగాడు తిరిగే గదులు, దారుల) పనిని 2023 చివర్లో మళ్ళీ పట్టుకున్నాను. అప్పటి నుంచి ఈ రెండేళ్ళుగా, బెంగళూరులో మారతహళ్ళి దగ్గర మా అద్దె ఇంట్లో, ఉద్యోగం ముగిసిన రాత్రులలోనూ ఆదివారాలలోనూ నేను వాడుతూ వచ్చిన ఎడిటర్ పేరు ట్రెంచ్‌బ్రూమ్. క్వేక్, క్వేక్ 2, హెక్సెన్ 2 వంటి పాత ఆటలకు మ్యాపులు కట్టడానికి పనికివచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. దీని సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. దీనితో క్వేక్‌కు మూడు మ్యాపులు పూర్తిచేశాను, నాలుగోది కడుతున్నాను. ఒకప్పుడు ఈ పని చేసి వదిలేసినవారు మళ్ళీ రావాలనుకుంటే ఈ ఎడిటర్ వారికి ఎంతవరకు తోడ్పడుతుందన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

నేను ఎక్కడ వదిలిపెట్టానో చెబితే తేడా అర్థమవుతుంది. విజయవాడలో ఇంజనీరింగ్ చదివే రోజులలో హాస్టల్ కుర్రాళ్ళమంతా కౌంటర్-స్ట్రైక్ ఆడేవాళ్ళం. ఆ ఉత్సాహంలో వాల్వ్ సంస్థ మ్యాపుల సాఫ్ట్‌వేర్ అయిన హ్యామర్ ఎడిటర్ నేర్చుకుని మా హాస్టల్ భవనాన్నే మ్యాపుగా కట్టాను. అందులో తెర నాలుగు గళ్ళుగా ఉండేది: పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి కనిపించే గీతల చిత్రాలు మూడు, నాలుగోది త్రీడీ దృశ్యం. గోడ ఒకటి నిలబెట్టాలంటే మూడు చిత్రాలనూ మనసులో కలుపుకుంటూ కొలతలు సరిచూసుకోవాలి. మ్యాపును ఆటలో నడిచే ఫైలుగా మార్చడానికి కంపైల్ చేస్తే, ఎక్కడి నుంచి ఏది కనిపిస్తుందో లెక్కవేసే విస్ దశ తెల్లవార్లూ నడిచేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే వచ్చేది. ఉద్యోగం వచ్చి బెంగళూరు చేరాక ఆ ఫైళ్ళున్న హార్డ్ డిస్కు చెడిపోయింది. ఆ తరువాత ఆ పని మీదికి మనసు పోలేదు.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు క్వేక్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. 1996లో ఐడీ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ఈ ఆట సోర్సు కోడ్ 1999లో బయటికి వచ్చింది. దాని రూపకర్తలలో ఒకరైన జాన్ రొమేరో 2006లో అసలు మ్యాపుల సోర్సు ఫైళ్ళను కూడా అందరికీ ఇచ్చారు. వాటిని ఎడిటర్‌లో తెరిచి, ఏ తలుపు ఏ ట్రిగ్గర్‌తో (ఆటగాడు చేరగానే ఏదో ఒకటి జరిపించే చోటుతో) ముడిపడి ఉందో, ఏ మూలలో ఎంత వెలుగు పెట్టారో గోడ గోడా విప్పి చూడవచ్చు. ఇంతకు మించిన పాఠ్యపుస్తకం నాకు దొరకలేదు. పైగా కౌంటర్-స్ట్రైక్‌కు ఆధారమైన హాఫ్-లైఫ్ ఇంజను పుట్టింది క్వేక్ ఇంజను నుంచే కాబట్టి బ్రష్షులు (గోడలు, నేలలు కట్టే ఘనాకారాలు), ఎంటిటీలు (దీపాలు, తలుపులు, శత్రువుల వంటివి), కంపైల్ దశలు అన్నీ చేతికి తెలిసినవే అయ్యాయి. మరచిపోవలసినవి చిన్నవి. హాఫ్-లైఫ్‌లో నీటి టెక్స్చర్ (ఉపరితలం మీద అతికించే బొమ్మ) పేరు ఆశ్చర్యార్థకంతో మొదలైతే, క్వేక్‌లో నక్షత్రం గుర్తుతో మొదలవుతుంది.

ట్రెంచ్‌బ్రూమ్ అసలు బలం త్రీడీ దృశ్యంలోనే పని అంతా జరగడం. కెమెరాతో గదిలోకి ఎగురుకుంటూ వెళ్ళి, షిఫ్ట్ నొక్కి గోడ ముఖాన్ని పట్టుకుని లాగితే గోడ సాగుతుంది. క్లిప్ పరికరంతో రెండు మూడు బిందువులు పెట్టి బ్రష్‌ను ఏటవాలుగా కోయవచ్చు. మూలను పట్టుకుని కిందికి దించితే నేల వాలుగా మారుతుంది. పూర్వం అరగంట పట్టిన మెట్ల వరుస ఇప్పుడు రెండు నిమిషాల పని. తొలి వారంలో నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోలేను. పదిహేడేళ్ళ కింద ఆగిన చేయి మళ్ళీ కదిలినట్టు అనిపించింది.

అయితే ఈ సౌకర్యంలోనే ఒక ప్రమాదం ఉందని మొదటి మ్యాపు పూర్తయ్యాకగానీ గ్రహించలేదు. ఎగిరే కెమెరాకు శరీరం లేదు. దానికి ప్రతి గదీ ఇరుకుగానే తోస్తుంది, అందుచేత మనం తెలియకుండానే గదులను పెంచుకుంటూ పోతాం. సెలవులకు వచ్చిన మా మేనల్లుడికి ఆ మ్యాపు ఇచ్చి ఆడమంటే, పెద్ద హాలులో కాసేపు తిరిగి, "మావయ్యా, ఇక్కడ నేను చీమలా ఉన్నాను" అన్నాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. క్వేక్‌లో ఆటగాడి వెడల్పు 32 యూనిట్లు, ఎత్తు 56. దూకకుండా ఎక్కగలిగే మెట్టు ఎత్తు 18 యూనిట్ల వరకే. ఈ మూడు అంకెలను పక్కన రాసి పెట్టుకుని కట్టవలసిన హాలును నేను కంటి అంచనాతో 512 యూనిట్ల ఎత్తుకు లేపాను. ఆ రోజు నుంచి త్రీడీతో పాటు పక్కనుంచి చూపే టూడీ దృశ్యాన్ని కూడా తెరిచి ఉంచుతున్నాను. ఒక నిలువు బ్రష్‌ను మనిషి కొలతకు చేసి ప్రతి గదిలోనూ పెట్టి, మ్యాపు అయ్యాక తీసేస్తున్నాను. పాత నాలుగు గళ్ళ పద్ధతి నేర్పిన కొలత అలవాటును కొత్త సౌకర్యం కోసం పూర్తిగా వదులుకోకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం.

కంపైలర్లు ఎడిటర్‌తో పాటు రావు. ఎరిక్‌డబ్ల్యూ-టూల్స్ అనే సమితిని విడిగా దించుకుని, ఎడిటర్‌లో వాటి చిరునామా ఇచ్చి, క్యూబీఎస్‌పీ (గోడల నిర్మాణాన్ని లెక్కవేసేది), విస్, లైట్ (వెలుగును లెక్కవేసేది) దశలను వరుసగా నమోదు చేసుకోవాలి. కొత్తవారు ఇక్కడే వెనుదిరుగుతారు. నాకే ఒక సాయంత్రం పట్టింది. ఒకసారి అమరాక మాత్రం ప్రాసెసర్ కోర్లన్నిటినీ వాడుకుని, నా మూడో మ్యాపు పూర్తి విస్‌ను మూడు నిమిషాల్లో ముగించాయి. లీకు వస్తే, అంటే మ్యాపు లోపలి నుంచి బయటి శూన్యానికి ఎక్కడైనా సందు మిగిలితే, కంపైలర్ రాసే పాయింట్ ఫైలును తెరవగానే ఎంటిటీ నుంచి ఆ సందు దాకా ఒక గీత కనిపిస్తుంది. దాని వెంట కెమెరాను నడిపిస్తే చాలు. లీకులకు ముఖ్య కారణం బ్రష్‌లను ఇష్టం వచ్చిన కోణంలో తిప్పడం. మూలలు గ్రిడ్ (కొలతల గళ్ళు) తప్పి కంటికి కనిపించని సందులు పడతాయి. పూర్ణాంకం కాని మూలలను ఎడిటర్‌లో తప్పులను చూపే ఇష్యూ బ్రౌజర్ పట్టి చూపుతుంది గనుక కంపైల్‌కు ముందు దాన్ని ఒకసారి చూడడం అలవాటు చేసుకున్నాను.

నాకు తీరని లోటు వెలుగు విషయంలో ఉంది. లైట్ పెట్టిన చోట గోడ మీద నీడ ఎలా పడుతుందో ఎడిటర్ చూపదు; ప్రతిసారీ కంపైల్ చేసి ఆటలోకి వెళ్ళి చూడవలసిందే. వెలుగు చీకట్ల మీదే నిలబడే ఈ ఆటకు ఇది పెద్ద కొరత. మరొక హెచ్చరిక: కొత్త మ్యాపు తెరిచేటప్పుడు ఫార్మాట్ (ఫైలు రాసే పద్ధతి) అడుగుతుంది, అక్కడ వాల్వ్ ఫార్మాట్‌నే ఎంచుకోండి. స్టాండర్డ్ ఫార్మాట్‌లో ఏటవాలు గోడల మీద టెక్స్చర్లు సాగిపోతాయి, వాటిని సరిచేయడం కష్టం.

ఇప్పుడు కడుతున్న నాలుగో మ్యాపుకు ప్రేరణ లేపాక్షి వీరభద్రాలయంలో అసంపూర్తిగా మిగిలిన కళ్యాణ మండపం. బెంగళూరు నుంచి పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. రెండుసార్లు వెళ్ళి స్తంభాల మధ్య దూరాన్ని అడుగులతో కొలిచి రాసుకున్నాను. పైకప్పు లేని మండపం కాబట్టి ఆకాశపు టెక్స్చర్ ఉన్న బ్రష్‌తో పై భాగం మూసి, సన్‌లైట్ కీతో (ఎండను నిర్ణయించే అమరికతో) పడమటి ఎండను వాల్చాను. ఇలాంటప్పుడు మొత్తం మ్యాపును ఒక పెద్ద ఆకాశపు పెట్టెలో పెట్టాలనిపిస్తుంది గానీ, దానివల్ల బయటి గోడల ముఖాలన్నీ లెక్కలోకి వచ్చి విస్ భారమవుతుంది. అందుకే మండపం అంచులను అనుసరించి ఆకాశాన్ని దగ్గరగా కట్టాను. స్తంభాలన్నీ లింక్డ్ గ్రూపులు. ఒక స్తంభంలో పీఠం ఎత్తును 16 నుంచి 24 యూనిట్లకు మారిస్తే వరుసంతా మారుతుంది. పోయిన ఆదివారం అలా మార్చి, కంపైల్ చేసి, నడిచి చూశాను. పీఠం ఎక్కాలంటే దూకవలసి వచ్చింది. మళ్ళీ 16కే దించాను.