అమీర్‌పేటలో గ్రామర్ క్లాసు: 'నైదర్, నార్' ఇన్నాళ్లకి అర్థమైంది

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే కోచింగ్ బోర్డులకు లెక్కే లేదు. ఆ సందుల్లోనే ఓ చిన్న సెంటర్‌లో నెల రోజులు సాయంత్రం బ్యాచ్‌కి వెళ్లాను. బ్యాంకు పరీక్షల్లో వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నలు వస్తాయి కదా, నా మార్కులన్నీ అక్కడే పోయేవి, అందులోనూ ఐదర్–ఆర్ (ఇది గానీ అది గానీ), నైదర్–నార్ (ఇదీ కాదు, అదీ కాదు) కనబడ్డాయంటే టెన్షన్.

ఇంతకుముందు వేరే చోట చేరితే రూల్ బోర్డు మీద రాసి బట్టీ పట్టమన్నారు. ఇక్కడ మేడమ్ తెలుగుతో మొదలుపెట్టారు. 'నిన్న రాత్రి ఆటో గానీ బస్సు గానీ దొరకలేదు' అని రాసి, ఇందులో 'లేదు' ఎక్కడుందో చెప్పమన్నారు. చివర, క్రియ దగ్గర. ఇంగ్లీషులో ఆ 'లేదు' నైదర్‌లోనే ఉంది, మళ్లీ 'నాట్' పెడితే రెండుసార్లు కాదన్నట్టు అవుతుంది. నేను ఇన్నేళ్లూ 'ఐ డిడ్ నాట్ ఫైండ్ నైదర్ యాన్ ఆటో నార్ ఎ బస్' అని ఎందుకు రాస్తున్నానో అప్పుడు తెలిసింది. 'ఐ ఫౌండ్ నైదర్ యాన్ ఆటో నార్ ఎ బస్' అనాలి, 'డిడ్ నాట్' ఉండాల్సిందే అనుకుంటే ఐదర్–ఆర్ వాడాలి. నా నోట్సులో ఆవిడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన ఆ 'నాట్' ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంకో రోజు నా పక్కన కూర్చున్న అబ్బాయిని టీయా కాఫీయా అని ఇంగ్లీషులో అడిగితే 'టూ నాట్ వాంట్' అన్నాడు. ఎవరూ నవ్వకుండా చూశారావిడ. 'రెండూ వద్దంటే ఒక్క మాట చాలు నాన్నా, నైదర్. మూడోదీ ఉంటే నన్' అన్నారు. మాలాంటి తెలుగు మీడియం వాళ్లకి ఆ మర్యాదే సగం ధైర్యం.

క్రియ ఏకవచనమా బహువచనమా అన్న సంగతి త్వరగానే అయిపోయింది, దానికి దగ్గరున్న మాటను చూసుకోవాలంతే: 'నైదర్ ద డ్రైవర్ నార్ ద ప్యాసింజర్స్' అంటే 'వర్', ప్యాసింజర్స్ ముందుకొచ్చి డ్రైవర్ చివర ఉంటే 'వాజ్'. పరీక్షలో ఎక్కువగా ముంచేది నైదర్‌ని పెట్టే చోటు. 'షి స్పీక్స్ నైదర్ హిందీ నార్ ఉర్దూ' సరే, కానీ నైదర్‌ని 'స్పీక్స్' ముందు పెడితే నార్ తర్వాత కూడా క్రియ కావాలి. దీని మీదే రెండు రోజులు ప్రాక్టీస్ చేయించారు, నాకైతే ఇంకో రోజు చేయించినా బాగుండేది.

ఇక లోపాలు. గది మరీ ఇరుకు, ఆలస్యంగా వెళ్తే గోడకి ఆనుకుని నిలబడి రాసుకోవాలి. మెటీరియల్లో ఒక చోట 'నైదర్' పక్కన 'ఆర్' అని అచ్చయింది, ఈ పాఠం నేర్పే పుస్తకంలోనే ఇలా ఉంటే ఎలా? చూపించగానే మేడమ్ మర్నాడే సరిచేసిన కాగితం అందరికీ ఇచ్చారు. ఇంగ్లీషు గబగబా మాట్లాడటం నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఈ క్లాసు సరిపోదు, ఇక్కడ మాట్లాడించేది తక్కువ. రాతలో తప్పులు పోవాలంటే మాత్రం వెళ్లండి, డబ్బు కట్టే ముందు ఒక రోజు ఊరికే కూర్చోనిస్తారు, అడగండి.