బ్యాడ్జి, అలారం మీటరు, మూత్రం పరీక్ష: రేడియేషన్ పనిలో ఏది మేలు?

కోనసీమ గ్యాస్ పైపులైన్ల వెల్డింగు అతుకులకు రాత్రిపూట రేడియోగ్రఫీ (లోపలి లోపాలు చూసే కిరణాల ఫోటో) తీసే కుర్రాళ్ళూ, ఇక్కడి నుంచి కైగా, కల్పాక్కం అణు కేంద్రాల వైపు కాంట్రాక్టు మీద వెళ్ళే ఫిట్టర్లూ ఒకటే మాట అంటారు: టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసేది) ఇచ్చారుగా, ఇంకేం కావాలి? చాలా కావాలండి.

బ్యాడ్జిలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేటు బిళ్ళలు మూడు ఉంటాయి. తగిలిన రేడియేషన్ శక్తిని అవి దాచుకుంటాయి, ల్యాబులో వేడి చేస్తే అది వెలుగుగా బయటికొస్తుంది, ఆ వెలుగును కొలిచి డోసు, అంటే తగిలిన మోతాదు, కడతారు. బ్యాటరీ అక్కర్లేదు, పెద్ద బరువూ కాదు, రికార్డుకెక్కేదీ ఇదే. మన దేశంలో ఈ పని చేసేవాళ్ళకు డోసు వరుసగా ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (డోసుకు కొలమానం) దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. దాటారో లేదో తేల్చేది ముఖ్యంగా ఈ బిళ్ళలే. కానీ ఇది కరెంటు బిల్లు లాంటిది, రేడియోగ్రఫీ వాళ్ళకు మూడు నెలలకోసారి లెక్క చెబుతుంది, అప్పటికి కాలాల్సింది కాలిపోయి ఉంటుంది.

పైపులైన్ పనిలో అంత టైం ఎక్కడిది? 50 క్యూరీల (బలానికి కొలత) ఇరిడియం-192 సోర్సు, అంటే కిరణాలిచ్చే చిన్న లోహపు ముక్క, కెమెరాలోకి (దాన్ని భద్రంగా దాచే పెట్టెలోకి) వెనక్కి రాకుండా గొట్టంలోనే ఉండిపోయిందనుకోండి, మీటరు దూరంలో ఐదు నిమిషాలు నిలబడితే సుమారు 20 మిల్లీసీవర్ట్‌లు, అంటే ఏడాది కోటా అయిపోయినట్టే. ఒంటికి ఏమీ తెలియదు, వాసన రాదు, వేడి తగలదు. 1999లో పెరూలోని యనాంగోలో ఒక వెల్డరు అలా పడి ఉన్న ఇరిడియం సోర్సును మామూలు వస్తువనుకుని వెనక జేబులో వేసుకున్నాడు, చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. అక్కడ పనికొచ్చేది అప్పటికప్పుడు అరిచే ఎలక్ట్రానిక్ డోసిమీటరు (అలారం మీటరు), చేతిలో చుట్టూ ఉన్న రేడియేషన్ ఎంతో చూపే సర్వే మీటరు, ఈ రెండే. పాతకాలం పెన్ను లాంటి పాకెట్ డోసిమీటరు ఇస్తామంటే మాత్రం నాకు నమ్మకం లేదు: కింద పడినా, మన సముద్రపు గాలి తేమకు ఛార్జి కారిపోయినా, లేని డోసు చూపిస్తుంది.

ఇక అణు కేంద్రాల సంగతి వేరు. భారజలంతో నడిచే రియాక్టర్లలో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఉంటుంది, దాని బీటా కిరణం ఎంత బలహీనమంటే మన చర్మపు పై పొర కూడా దాటదు. బ్యాడ్జికి కనపడదు, అలారం మోగదు, గామా కిరణాలు మాత్రమే చూసే, ఒళ్ళంతా కొలిచే హోల్ బాడీ కౌంటరూ పట్టుకోలేదు. (ఆ కౌంటరులో పడుకుంటే సీజియం, కోబాల్టు లోపలికి వెళ్ళాయేమో తెలుస్తుంది, పనిలో పనిగా అందరి ఒంట్లోనూ ఉండే పొటాషియం-40 కూడా కనిపిస్తుంది, కంగారుపడకండి.) 2009 నవంబరులో కైగాలో తాగునీటి కూలర్‌లో ట్రిటియం కలిసిన సంగతి బయటపెట్టింది ఉద్యోగుల మూత్రం పరీక్షే. ఒంట్లో చేరిన ట్రిటియంలో సగం సుమారు పది రోజుల్లో బయటికి పోతుంది, అందుకే శాంపిల్ ఇవ్వడానికి సిగ్గుపడి రెండు మూడు సార్లు ఎగ్గొడితే సాక్ష్యం కూడా దానితోపాటే పోతుంది.

రేడియోధార్మిక వ్యర్థాల డ్రమ్ముల దగ్గరా ఇదే గోల. గీగర్ కౌంటరు ఎంత ఉందో చెబుతుంది, ఏముందో చెప్పలేదు. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే జెర్మేనియం డిటెక్టరు సీజియం-137ని 662 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల శక్తి ఉన్న గామా గీత దగ్గర గుర్తుపడుతుంది. స్ట్రాన్షియం-90కి అలాంటి గామా గీతే లేదు, దానికి రసాయనంగా వేరుచేసి కొలవాల్సిందే, ఆలస్యమైనా సరే.

కాబట్టి పైపులైన్ కుర్రాళ్ళకు నా ఓటు సర్వే మీటరుకూ అలారం మీటరుకూ, బ్యాడ్జి వాటికి తోడుగా. రియాక్టరుకు వెళ్ళేవాళ్ళకు బ్యాడ్జి ఎలాగూ ఇస్తారు, మూత్రం శాంపిల్ తేదీ మీరే అడిగి రాసుకోండి. ఇంకొకటి, పని అయ్యాక బ్యాడ్జిని కెమెరా పెట్టే గదిలో మేకుకు తగిలించి రాకండి, మీరు తినని డోసంతా మీ పేరు మీదే పడుతుంది.